నా గదిలో దక్షిణం

నేను చేసే పనేమిటో మా ఊళ్లో ఎవరికీ రెండు మాటల్లో చెప్పలేకపోయాను. వీడియో గేముల్లో దారి తెలియక ఇరుక్కుపోయినవాళ్లకు దారి చెప్పడం నా పని. ఆట ఆడుతూ, తెరను రికార్డు చేస్తూ, పక్కన కూర్చున్న మనిషికి చెప్పినట్టు "ఈడ ఆగు, ఆ తలుపు తియ్యకు, ఎనుక ఒకడున్నడు" అని చెప్పుకుంటూ పోతాను. దాన్ని వాక్‌త్రూ అంటారు. జనగామలో బస్టాండు వెనక ఒక గది అద్దెకు తీసుకుని ఇది మొదలుపెట్టిన కొత్తలో, లింగాల ఘనపూర్ నుంచి మా బాపు చూడటానికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని గోడతో మాట్లాడుతున్న కొడుకును కాసేపు చూశాడు.

"ఎవనితోని మాట్లాడుతున్నవ్‌రా?" అన్నాడు.

"ఇప్పుడైతే ఎవలు లేరు బాపు. రేపు చూసేటోళ్లతోని."

"రేపొచ్చేటోళ్లతోని ఇయ్యాల్నే మాట్లాడుతున్నవా," అని, తెచ్చిన బియ్యం సంచి మూలకు పెట్టి, ఛాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత వారం దాకా మా అవ్వ రోజూ ఫోన్ చేసి, అన్నం సరిగ్గా తింటున్నానా, నిద్ర పడుతోందా, దవాఖానకు పోదామా అని అడిగింది.

దారి చెప్పేవాడికి ఉండాల్సిన మొదటి అర్హత కుడి ఎడమలు తెలియడం. నాకు అవి తెలియవు. వినయం కొద్దీ అంటున్న మాట కాదిది. మా ఇంట్లో ఆ మాటలు వాడినవాళ్లు లేరు. అన్నం ముందు కూర్చుంటే "కూర గిన్నె జర పడమర దిక్కు జరుపు" అనేది అవ్వ. మంచం మీద అక్కా నేనూ పడుకుంటే "ఉత్తరం దిక్కు జరుగురా, పిల్ల కింద పడ్తది" అనేది. నేను ఎటు తిరిగినా నాలుగు దిక్కులూ ఉన్నచోటే ఉండేవి, అదొక ధైర్యం. బడికి పోయాక ఆ ధైర్యం పోయింది. డ్రిల్లు సారు "లెఫ్ట్ టర్న్" అనగానే నేను గాలిలో అన్నం కలిపేవాణ్ణి. కలిపే చెయ్యి కుడి, ఖాళీగా ఉన్నది ఎడమ. అలా తేల్చుకునేసరికి వరుసంతా తిరిగిపోయి, పక్కవాడు నా ముఖంలోకి చూస్తూ నవ్వుతుండేవాడు.

గేములో ఆ వసతి కూడా లేదు. రెండు చేతులూ కంట్రోలర్ మీదే ఉంటాయి, అన్నం కలపడానికి చెయ్యి దొరకదు. మొదట్లో లెఫ్టు, రైటు అని ఏది నోటికొస్తే అది చెప్పాను. తెర మీద బొమ్మ ఒకవైపు పోతుంటే నా నోరు ఇంకోవైపు పోయేది. "అన్నా, తాగి ఆడుతున్నవా?" అని ఎవరో కింద రాశారు. నేను కల్లు కూడా ముట్టనివాణ్ణి. ఆ కామెంటుకు వచ్చినన్ని లైకులు నా వీడియోకు రాలేదు.

ఒక మధ్యాహ్నం గుహలో ఎలుగుబంటి తరుముతోంది. భయంలో నోరు జారి "దక్షిణం దిక్కు ఉరుకు, దక్షిణం దిక్కు" అని అరిచాను. జనగామ గదిలో నా మానిటర్ తూర్పు గోడకు ఉండేది. తూర్పుకు ముఖం పెట్టి కూర్చునే నాకు దక్షిణమంటే అన్నం తినే చేతివైపు. చూసేవాళ్లకు ఇదంతా ఏం తెలుసు? వాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. ఆ ముక్క వరకు కత్తిరించి ఒకరికొకరు పంపుకున్నారు. పరువు పోయిందని నేను ఛానల్ మూసేద్దామనుకున్నాను. ఆలోగా ఎవరో పుణ్యాత్ముడు ఓపిగ్గా నా మాటలన్నీ సరిచూసి ఇలా రాశాడు: "అన్న భాషల దక్షిణం అంటే రైటు. ఉత్తరం అంటే లెఫ్టు. తూర్పు అంటే సీదా. పడమర అంటే ఎనుకకు." దాన్ని అందరికీ పైనే కనిపించేలా పెట్టాను. ఆ రోజు నుంచి నేను దారి తప్పు చెప్పలేదు. దిక్కుల విషయంలో మా ఇంటివాళ్లు తప్పు చెప్పరు.

ఆటలో ఒక మూలకు దిక్సూచి కూడా ఉండేది. దాని ఉత్తరం వేరు, నా ఉత్తరం వేరు. "అన్నా, మ్యాపుల ఉత్తరం మీదికున్నది గద" అని కొందరు మర్యాదగా గుర్తుచేశారు. మ్యాపుది మ్యాపుకే, నాది నాకే అని జవాబిచ్చాను. అప్పట్లో నాకు పొగరు బాగా ఉండేది. ఇప్పుడూ ఉంది గానీ వాడుకునే సందర్భాలు తగ్గాయి.

పెళ్లిచూపులకు బయ్యారం వెళ్లాం. అమ్మాయి వ్యవసాయంలో డిప్లొమా చదివి, ఏఈవోగా ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం చేస్తోంది. అంటే రైతుల చేన్లకు పోయి ఎవరు ఏ పంట వేశారో చూసి ఫోన్‌లో ఎక్కించడం, తెగుళ్లు వస్తే సలహా చెప్పడం. వాళ్ల నాన్నకు అక్కడే విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. ఆమె ఒక్కతే సంతానం. "పిల్లగాడేం జేస్తడు?" అని అడిగితే మా బాపు కాసేపు ఆలోచించి "కంప్యూటర్ల ఉంటడు" అన్నాడు.

"ఉంటె ఉండనీ," అన్నాడు కాబోయే మామ. "బయటికొచ్చినంక ఏం జేస్తడు?"

ఆయన ఎగతాళి చేయలేదు, నిజంగానే అడిగాడు. మా బాపు మాట మార్చి వానల సంగతి ఎత్తుకున్నాడు. అమ్మాయి మాత్రం తల వంచుకుని పెదవి కొరుక్కుంది. సిగ్గనుకుని మురిసిపోయాను. నవ్వు ఆపుకోవడానికి అలా చేసిందని పెళ్లయ్యాక చెప్పింది.

ఆమె ఉద్యోగం మహబూబాబాద్ దగ్గర కాబట్టి కాపురం అక్కడే పెట్టాం. పెళ్లిలో పెట్టిన దుప్పట్లో మానిటర్ చుట్టుకుని నేనే ఆమె వెంట పోయాను. పెండ్లాం కొంగు పట్టుకుని పోయిండని మా ఊళ్లో అన్నారట. అబద్ధం. రెండు చేతులా మానిటర్ పట్టుకున్నవాడికి కొంగు పట్టుకునే వీలెక్కడిది?

ఆ ఇంటి ఓనరమ్మ మంచి మనిషి, కానీ గదిలో ఏ వస్తువు ఎక్కడ పెట్టాలో ఆమెకు గట్టి అభిప్రాయాలున్నాయి. నేను కుర్చీ వేసుకుంటుంటే వచ్చి నిలబడింది. "దక్షిణం మొఖం వెట్టి కూసోకు బిడ్డా, ఇంటికి మంచిది గాదు," అంది. తూర్పు గోడకు బాత్రూమ్ తలుపు ఉంది. పడమటి గోడ నిండా ఆమె పాత సామాన్ల అరలు. మిగిలింది ఉత్తరం గోడ. సరేనని మానిటర్ అక్కడ పెట్టి, నేను ఉత్తరానికి ముఖం పెట్టి కూర్చున్నాను. నా కొంప మునిగింది అక్కడే.

అప్పటికి నేను ఒక పెద్ద ఆట మధ్యలో ఉన్నాను. కత్తి పట్టుకున్న ఒంటరి మనిషి కొండలూ లోయలూ దాటుకుంటూ పోయే ఆట. సగం దారి జనగామలో చెప్పాను, మిగతా సగం మహబూబాబాద్‌లో మొదలైంది. ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి, చెమటలు కక్కుతూ కూర్చున్నాను. ఫ్యాన్ చప్పుడు మైకులో పడుతుంది, కిటికీ తీస్తే పాత ఇనుము కొనే ఆటోవాడి స్పీకరు పడుతుంది. కొండ మీద ఒక తాళ్ల వంతెన వచ్చింది. "వంతెన దాటంగనే తూర్పు దిక్కు తిరుగు. ఉరుకు, ఆగకు" అన్నాను. ఉత్తరానికి ముఖం పెట్టిన నాకు తూర్పంటే అన్నం తినే చేతివైపు. అటే పోవాలి. కానీ నా మాట నమ్ముకున్నవాళ్లు జనగామ భాష నేర్చుకున్నవాళ్లు. వాళ్లకు తూర్పంటే సీదా. వంతెన దాటాక సీదా ఉన్నది లోయ.

అందరూ ఉరికారు, ఆగలేదు. ఆ ఆటలో చచ్చినవాడు మళ్లీ కొండ అడుగు నుంచి ఎక్కాలి. "తూర్పన్నవు, పోయిన, సచ్చిన" అని ఒకరు రాశారు. ఇంకొకరు రాసింది చదివి నాకు అన్నం సయించలేదు. "అన్నా, నీ మీద నమ్మకంతోని మల్ల పోయిన. మల్ల సచ్చిన."

వీడియో మళ్లీ మళ్లీ చూసుకున్నాను. నాకే తప్పూ కనిపించలేదు. తూర్పన్నాను, బొమ్మ తూర్పుకే పోయింది. ఇంకేం కావాలి వీళ్లకు? కుడి ఎడమలు తెలియనివాళ్లకు దారి చెప్పడం నా ఖర్మ అని ఒక్కొక్కరితో వాదనకు దిగాను. ఆ మాట నేనే అన్నానని ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఒక పొద్దున మా ఆవిడ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటూ నా గొణుగుడు విని గుమ్మంలో ఆగింది.

"మనం ఇల్లు మారినం గద," అంది.

"అయితే?"

"మానిటర్ తిరిగింది. నీ తూర్పు తిరుగలే."

చెప్పులేసుకుని వెళ్లిపోయింది. నేను కుర్చీలో కూర్చుని గోడను చూశాను, నా చేతులు చూసుకున్నాను, గాలిలో అన్నం కూడా కలిపి చూసుకున్నాను. ఆమె చెప్పింది నిజమే. ఇల్లు మారడం వల్ల తూర్పు మారిందని క్షమాపణ వీడియో పెట్టాను. బుద్ధి ఉన్న మనిషి నోట రావలసిన మాట కాదది. చాలామంది వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు నవ్వుకోవడానికి ఉన్నారు.

సరిగ్గా అప్పుడే మామ మమ్మల్ని చూడటానికి వచ్చాడు. సంచిలో కూరగాయలు, మనసులో దుకాణం. మంచం మీద కూర్చుని, నా తెర మీద కొండను ఎగాదిగా చూశాడు.

"గీ ఆట ఎప్పుడైపోతది అల్లుడా?"

"ఇంక సగమున్నది మామా."

"సరే తియ్యి. నడుమల మనిషిని లేపద్దు. అయిపోనీ. అయిపోయినంక వచ్చి దుకాణం మీద కూసో. నాకు నడుము నొస్తున్నది, ఎన్నొద్దులని కూసుంట? లైసెన్సు బిడ్డ పేరు మీద చేయిస్త, దానికి ఎవుసం సదువు ఉండాలె, గామె సదివింది గద. కూసునుడు నువ్వు కూసో."

దారి తప్పు చెప్పి జనాన్ని లోయలో పడేసిన వారంలో, నాకూ ఒక ఉద్యోగం ఉందని ఏ ముఖం పెట్టుకుని అంటాను? తలూపాను. వంటింట్లో ఛాయ్ పోస్తున్న మా ఆవిడ గ్లాసుల చప్పుడు కాసేపు ఆగి మళ్లీ మొదలైంది. ఆమెకూ ఇదే కావాలన్నమాట, తండ్రీ బిడ్డా ముందే మాట్లాడుకున్నారన్నమాట అనుకున్నాను. ఎంత తెలివి నాది.

ఆ దుకాణమంటే నాకు వణుకు. బస్తాలకు భయపడను, మనుషులకు భయపడతాను. గేములో ఎదురయ్యే మనిషి ఎన్నిసార్లు పలకరించినా ఒకటే మాట అంటాడు, మనం జవాబు చెప్పక్కర్లేదు. రైతు అలా కాదు. ఎదురుగా నిలబడి "పత్తికి తెల్లదోమ తగిలింది, ఏం మందు గొట్టాలె?" అంటే నేనేం చెప్పాలి? దక్షిణం దిక్కు ఉరుకుమనాలా?

అందుకని ఆట అవ్వకుండా చూసుకోవడం మొదలుపెట్టాను. అప్పటిదాకా నేను సీదాగా గమ్యానికి పోయేవాణ్ణి. ఇప్పుడు ఆ కొండల్లో ఉన్న ప్రతి కుండా పగలగొట్టాను. ప్రతి గుడిసె తలుపూ తట్టాను. తప్పిపోయిన మేకలను వెతికి, యజమానులకు అప్పగించి, మళ్లీ తప్పిపోతాయేమోనని అక్కడే తచ్చాడాను. ఒక చెరువు దగ్గర కూర్చుని రోజుల తరబడి చేపలు పట్టాను. చేపలు పట్టడం ఆ ఆట ముగియడానికి అక్కర్లేదు, ముగియకుండా ఉండటానికి నాకు కావాలి. విచిత్రమేమంటే పోయినవాళ్లు తిరిగొచ్చారు. "అన్న ఓపికకు దండం", "ఇంత వివరంగ ఎవ్వలు చెప్పలే" అని రాశారు. ఎరువుల బస్తా నుంచి పారిపోతున్న మనిషిని చూసి వాళ్లు ఓపిక అనుకున్నారు. నేను కూడా కొంతకాలం అలాగే అనుకున్నాను, అదీ నా సంగతి.

మామ వారం వారం ఫోన్ చేసేవాడు.

"ఏడిదాక వచ్చినవ్ అల్లుడా?"

"ఇంక కొండ మీదనే ఉన్న మామా."

"జర దిగు బిడ్డా."

దుకాణానికి వచ్చినవాళ్లందరితో "మా అల్లుడు కొండ దిగుతున్నడు" అని చెప్పేవాడట. నాతో మాట్లాడాక మా ఆవిడ ఫోన్ తీసుకునేది. "యూరియా లోడు వచ్చిందా బాపు? గా మిరప విత్తనం వాపసు పంపినవా? మొలక సరిగొస్తలేదని చెప్పిన గద" అని అడిగేది. "నీకెందుకు బిడ్డా గవన్నీ, అల్లునికియ్యి ఫోను" అనడం నాకు పక్కనుంచి వినపడేది. ఆమె ఫోన్ నాకు ఇచ్చేసేది. సాయంత్రం ఇంటికొచ్చి "ఇయ్యాల ఎంతదాక ఆడినవ్?" అంటే చాలు, నాకు ఒళ్లు మండేది. తండ్రి తరఫున కూపీ లాగుతోందని నా అనుమానం. "అప్పుడే ఏడైతది, ఇంక శానా ఉన్నది" అని కసురుకునేవాణ్ణి. ఆమె ఇంకేం అడిగేది కాదు.

మరుసటేడు ఆమెను భూపాలపల్లి జిల్లాకు మార్చారు. చిట్యాల వైపు పల్లెలు ఆమెకు పడ్డాయి, ఇల్లు భూపాలపల్లిలో తీసుకున్నాం. మళ్లీ దుప్పటి, మళ్లీ మానిటర్. ఈసారి కరెంటు ప్లగ్గు పడమటి గోడకే ఉంది. బుద్ధి తెచ్చుకున్నవాణ్ణి కదా, ముందే వీడియో పెట్టాను: మా ఇల్లు మారింది, నేటి నుంచి ఉత్తరమంటే రైటు, దక్షిణమంటే లెఫ్టు, దయచేసి గమనించగలరు. కింద ఒకరు రాశారు: "సొంతిల్లు కట్టుకో అన్నా. మాకొక దిక్కుంటది."

వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం నేను చెరువు గట్టున చేపలు పడుతున్నాను, ఆటలోనే. మా ఆవిడ ఫోన్ చేసింది. పంటలు చూడటానికి చిట్యాల అవతల ఒక పల్లెకు స్కూటీ మీద వెళ్లింది. వచ్చేసరికి దారిలో వాగు రోడ్డు మీదికి ఎక్కింది. ఆమె ఫోన్‌లో మ్యాపు తెరుచుకోవడం లేదు, మాట మాత్రం వినిపిస్తోంది.

"ఇంకో తొవ్వ ఉన్నదేమో జూడు. జల్ది," అంది.

ఆమె చిక్కుకుపోయిందన్న ఆందోళన కంటే ముందు నాకు సంతోషం కలిగిందని చెప్పక తప్పదు. జీవితంలో మొదటిసారి ఒక నిజమైన మనిషికి, నిజమైన రోడ్డు మీద నేను దారి చెప్పబోతున్నాను. అక్కర్లేకపోయినా హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. మ్యాపు పెద్దది చేసి మానిటర్ నిండా పరిచాను. ఒక కల్వర్టు దగ్గర చీలి, వాగు తగలకుండా తారు రోడ్డుకు కలిసే మట్టి దారి ఒకటి కనిపించింది. నా వీడియో గొంతుతో మొదలుపెట్టాను. "సీదా పో. మోరీ రాంగనే దక్షిణం దిక్కు తిరుగు."

కాసేపు బండి చప్పుడు, వాన చప్పుడు. తర్వాత బండి ఆగింది.

"ఈడ తొవ్వ లేదు. పత్తి చేనున్నది."

"ఉండాలె. మ్యాపుల ఉన్నది."

"నేను చేన్ల నిలవడి చెప్తున్న. లేదు."

"నువ్వు సరిగ తిరుగలేదు," అన్నాను. నా వీడియోలు చూసి లోయలో పడ్డవాళ్లతో ఏ గొంతుతో వాదించానో అదే గొంతు.

"నీ గోడను జూసి చెప్పకు," అంది. "ముందుగాల నేనెటు మొఖం వెట్టి నిలవడ్డనో అడుగు."

ఇన్నేళ్లలో ఎందరికో దారి చెప్పాను. ఒక్కరినీ ఈ మాట అడిగిన పాపాన పోలేదు.

"ఎటు మొఖం పెట్టినవ్?" అన్నాను.

"వానకు."

"గట్ల గాదు. ఎదురుంగ ఏమున్నది?"

"మోటరు రూము. మొగులుకు పొద్దెటున్నదో తెలుస్తలేదు."

"అన్నం తినే చెయ్యి దిక్కు?"

"కుంట ఉన్నది. నిండి ఉన్నది."

మ్యాపులో ఆ చుట్టుపక్కల కుంట ఒక్కటే ఉంది. నేను లేచి నిలబడి, కుంట నా తినే చేతివైపు వచ్చేలా తిరిగాను. అంటే మానిటర్‌కు వీపు పెట్టాను. హెడ్‌ఫోన్ల వైరు గుంజుకుని మానిటర్ కదిలింది, దాన్ని ఒక చేత్తో పట్టుకుని, మెడ వెనక్కి తిప్పి మ్యాపు చూస్తూ, ఆమె నిలబడ్డట్టే నిలబడ్డాను. అప్పుడు అర్థమైంది. నేను దక్షిణమన్నది పడమర. మ్యాపులో ఉత్తరం పైకి ఉంటుంది కాబట్టి ఎడమవైపు దారి పడమర, దాన్ని నేను గోడను బట్టి దక్షిణం చేశాను. ఆమె నా మాట నమ్మి, వచ్చిన రోడ్డును బట్టి అసలు దక్షిణానికి తిరిగి చేన్లో దిగబడింది.

"ఎనుకకు మల్లి మోరీ దాక రా," అన్నాను. "వచ్చి ఆగు. ఏం కనపడుతున్నదో చెప్పు, అప్పుడు చెప్త."

ఆమె చెప్పింది, నేను తిరిగాను. ఆమె మళ్లీ చెప్పింది, నేను మళ్లీ తిరిగాను. ఆ గదిలో ఎన్ని చుట్లు తిరిగానో తెలియదు. చివరికి "డాంబర్ రోడ్డు వచ్చింది" అని ఫోన్ పెట్టేసింది. కుర్చీలో కూర్చున్నాక, ఏమైనా అయ్యుంటే ఏం చేసేవాణ్ణని అప్పుడు భయం పట్టుకుంది. తెర మీద మ్యాపు వెనకాల ఆట ఇంకా నడుస్తూనే ఉంది, గాలానికి చేప పడి ఉంది.

ఇంటికొచ్చేసరికి మోకాళ్ల దాకా బురద. తువ్వాలు ఇచ్చాను, ఛాయ్ పెట్టి ఇచ్చాను. అప్పటికి భయం తగ్గి, నాలో మళ్లీ పొగరు లేచింది. మెచ్చుకుంటుందేమోనని ఎదురుగా కూర్చున్నాను. ఆమె మెచ్చుకోకపోయేసరికి నేనే ఎత్తుకున్నాను.

"దుకాణం సంగతిల గూడ ఎటు మొఖం వెట్టినవో చెప్పు. తొవ్వ చెప్త," అన్నాను, వేళాకోళానికి.

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"బయ్యారం దిక్కే," అంది. "చిన్నప్పటి సంది. బడి ఇడిసినంక ఇంటికి పోకపోయేది, దుకాణం కాడికే పోయేది. ఏ బస్తా ఏడున్నదో కండ్లు మూసుకోని చెప్త. గీ కోర్సు సదివింది గందుకే. మా బాపు కూసోమని నిన్నడిగిండు. నువ్వు తలకాయ ఊపినవ్. లైసెన్సు మీద నా పేరు గావాలె గని, కూసుంటవా బిడ్డా అని నన్నెవ్వలన్న అడిగిండ్రా?"

"మరి నాకు చెప్పకపోతివి."

"నువ్వు నా దిక్కు జూస్తె గద చెప్పేది. ఎప్పుడు జూడు, గోడ దిక్కే జూస్తవ్."

ఏడవలేదు. తువ్వాలుతో తల తుడుచుకుంటూ, కూర ఏముందని అడిగినంత మామూలుగా అంది. ఆ కుర్చీ నాకు ఉరి అనుకున్నాను. దాన్ని తప్పించుకోవడానికి ఆట సాగదీశాను. అదే కుర్చీ కోసం ఆమె నా ఆట ఎప్పుడవుతుందా అని ఎదురుచూసింది, అయ్యాక దాని మీద కూర్చునేది తాను కాదని తెలిసి కూడా, కనీసం దాని పక్కనైనా ఉండొచ్చని. నేను పట్టిన ప్రతి చేపా ఆమెను వెక్కిరించినట్టే. వాళ్ల నాన్న మీద కోపం తెచ్చుకుందామని చూశాను, కుదరలేదు. ఆయన అడగలేదు సరే, ఒకే ఇంట్లో ఉన్న నేను అడిగానా?

తెల్లారి గాలం పక్కన పడేసి కొండ దిగాను. కుండల జోలికి పోలేదు, మేకల వంక చూడలేదు. "అన్నా, ఎవలన్న తరుముతున్నరా?" అని అడిగారు చూసేవాళ్లు. ఆ వారంలోనే ఆట ముగించాను. చివరి వీడియోలో దిక్కుల భాషకు దండం పెట్టి ఇక నుంచి నా పద్ధతి ఇదీ అని చెప్పాను: ముందు మీరెటు ముఖం పెట్టి నిలబడ్డారో చూసుకోండి, ఎదురుగా ఏముందో నేను చెప్తాను, ఆ తర్వాతే తిరుగుదాం.

ఆదివారం బయ్యారం వెళ్లాం. మామ దుకాణంలోనే ఉన్నాడు, గల్లాపెట్టె పక్కన కుర్చీలో, నడుముకు దిండు పెట్టుకుని. బల్ల మీద ఇద్దరు రైతులు కూర్చుని ఉన్నారు.

"ఆట అయిపోయింది మామా."

ఆయన ముఖం విప్పారింది. "దిగినవా కొండ," అన్నాడు. బల్ల మీద రైతులు కొండ దిగిన అల్లుణ్ణి కింది నుంచి మీది దాకా చూశారు.

"దిగిన. కని కూసునేది నేను గాదు. నీ బిడ్డ."

ముందు నవ్వాడు. మా ఇద్దరి ముఖాలు చూసి నవ్వు ఆపాడు. "బస్తాల నడుమ ఆడివిల్ల కూసుంటదా? ఊరు నవ్వదా?"

"లైసెన్సు మీద నా పేరు రాస్తె నవ్వదా బాపు?" అంది ఆమె.

ఆయన నా వైపు తిరిగాడు. "అల్లుడా, నువ్వెవల దిక్కు?"

జీవితంలో మొదటిసారి గోడను చూడకుండా, గాలిలో అన్నం కలపకుండా దిక్కు చెప్పాను. "నీ బిడ్డ దిక్కు మామా."

బల్ల మీద రైతుకు మా పంచాయితీ విని విసుగొచ్చినట్టుంది. చేతిలో పత్తి ఆకు ఆమె ముందు పెట్టాడు. "ముందుగాల నాది జూడు బిడ్డా. దీనికేమన్న కొట్టాల్నా?"

ఆమె ఆకు తిరగేసి, వెలుతురుకు పట్టి చూసింది. చేన్లో ఇది ఎటువైపు నుంచి మొదలైందని, నీళ్లు నిలిచాయా అని అడిగింది. "ఇప్పుడే ఏం కొట్టకు పెద్దబాపు. నీళ్లు తియ్యి, నాలుగొద్దులు ఆగి రా," అంది. వచ్చిన బేరం అలా తిప్పి పంపేస్తుంటే మామ ముఖం చూడాలి. రైతు మాత్రం ఆకు జేబులో పెట్టుకుని, "సరే బిడ్డా, నాలుగొద్దులకు నీ కాడికే వస్త" అని లేచాడు. నీ కాడికే అన్న మాట దగ్గర మామ కళ్లెత్తి బిడ్డను చూశాడు.

కాసేపటికి నడుము పట్టుకుని మెల్లగా లేచాడు. దిండు తీసి పక్కన పెట్టాడు. భుజం మీది తువ్వాలుతో కుర్చీ దుమ్ము దులిపాడు. ఇన్నాళ్లూ అదే కుర్చీకి భయపడి బతికినవాణ్ణి కదా, ఆ దులపడం నా కోసమే అనిపించి అలవాటు కొద్దీ ఒక అడుగు ముందుకేశాను.

"నువ్వు గాదు," అన్నాడు మామ. "జర పడమర దిక్కు జరుగు. బిడ్డను రానియ్యి."

నేను జరిగాను.